ఇటుక మాస్టారి కూతురు

ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. బళ్ళలో పిల్లలూ, ఆఫీసుల్లో పెద్దలూ అందరూ ఇటుక మాస్టారనే అనేవాళ్ళు. సృజనాత్మకంగా ఆలోచించడమెలాగో జనానికి శిక్షణ ఇవ్వడం ఆయన వృత్తి. ఎర్ర మఖమలు గుడ్డలో చుట్టిన ఇటుకని సంచీలోంచి తీసి, పసిపాపని పడుకోబెట్టినంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "దీనితో ఏమేం చేయొచ్చు?" అని అడగడంతో ఉపన్యాసం మొదలవుతుంది. ఎవరో ఒకరు "గోడ కట్టొచ్చు" అంటారు. మాస్టారు జాలిగా నవ్వుతాడు. ఆ నవ్వు కుదరడానికి అద్దం ముందు చాలా కష్టపడ్డాడు.

"చూశారా, మన చదువులు మనల్ని ఎలా తయారుచేశాయో! ఒక ప్రశ్న, ఒకే జవాబు. దారులన్నీ వచ్చి ఒకే గుమ్మం దగ్గర ఆగిపోతాయి. దీన్ని కన్వర్జెంట్ థింకింగ్ అంటారు. ఏకముఖ ఆలోచన. మనకి కావలసింది డైవర్జెంట్, అంటే బహుముఖ ఆలోచన. ఒక్క గుమ్మంలోంచి బయల్దేరి వంద దారులు పట్టాలి!"

తర్వాత ఇటుకతో చేయదగ్గ పనులు వరసగా చెప్పుకుపోతాడు. చివర్లో, అలిగిన భార్య మొగుడికి దిండుగా ఇవ్వొచ్చు అంటాడు. జనం గొల్లున నవ్వుతారు. అందరినీ కొత్తగా ఆలోచించమని ఉద్బోధించే ఈ ఉపన్యాసాన్ని ఆయన ఏళ్ళ తరబడి ఒక్క ముక్క మార్చకుండా చెబుతూ వస్తున్నాడు. మధ్యలో వచ్చే దగ్గు కూడా అదే వాక్యం దగ్గర వస్తుంది.

భార్యకి మందుల షాపు ఉంది. "మీ వ్యాపారం మీది, నా వ్యాపారం నాది" అనేదామె. "డాక్టరు రాసిన చీటీ చూసి నేను వంద దారులు పట్టానంటే, సాయంత్రానికి వీధి ఖాళీ అవుతుంది."

వాళ్ళకి ఒక్కతే కూతురు, ఎనిమిదో తరగతి. క్లాసులో అందరూ ఆ పిల్లని కరెక్టమ్మ అని పిలిచేవారు. టీచరు బోర్డు మీద తేదీ తప్పు వేసినా, పక్క పిల్ల నీడని తప్పు దిక్కున గీసినా, పాపం, ఊరుకోలేకపోయేది. కోపంతో చెప్పేది కాదు. చొక్కాకి గుండీ తప్పు కాజాలో పెట్టుకున్న మనిషికి చెప్పినట్టు, వాళ్ళ మేలు కోరి చెప్పేది. అందుకు కృతజ్ఞత చూపినవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఎవరూ లేరు.

ఆ ఏడు బడివాళ్ళు కొత్తగా సృజన విభాగం తెరిచారు. మామూలు సెక్షన్లలో మామూలు పిల్లలుంటారు, అందులో మాత్రం అసాధారణమైన పిల్లలుంటారు. ఎవరు అసాధారణమో తేల్చే పరీక్ష మాస్టారే తయారుచేశాడు. ప్రశ్న ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

కూతురు ఆ ప్రశ్న చదివి, "గోడ కట్టొచ్చు" అని రాసింది. ఇంకా బోలెడు కాగితం మిగిలిపోయింది కదా అని, బడి చుట్టూ ప్రహరీ కట్టాలంటే ఎన్ని ఇటుకలు కావాలో లెక్క కట్టింది. గేటు వెడల్పు తీసేసింది. ఇటుకకీ ఇటుకకీ మధ్య సిమెంటు మందం కలిపింది. మోసేటప్పుడు కొన్ని విరుగుతాయని వాటినీ చేర్చింది. జవాబు కింద రెండు గీతలు గీసి, తృప్తిగా ఇచ్చి వచ్చింది.

మర్నాడు ప్రిన్సిపాల్ మేడమ్ మాస్టారిని గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఎవరో పోయిన కబురు చెప్పేటప్పటి గొంతుతో, "సార్, మీరు ధైర్యంగా ఉండాలి" అంది.

"ఏమైంది మేడమ్?"

"బడి మొత్తంలో సున్నా వచ్చింది... మీ అమ్మాయి ఒక్కదానికే. లెక్కలకి మార్కులుండవు కదండీ, మీరే పెట్టిన రూలు. బయటికి పొక్కనివ్వం లెండి. మనలోనే ఉంటుంది."

మాస్టారు ఆమె అందించిన జవాబు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, దొంగసొత్తు తెచ్చుకున్నవాడిలా ఇంటికి వచ్చాడు. భోజనాల దగ్గర బయటికి తీశాడు. భార్య చదివి నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగబోతే పొలమారింది.

"నవ్వుతావేం? పరువు పోయింది నాకు!"

"నవ్వక ఏం చేయమంటారు? లెక్క సరిగ్గానే ఉంది కదా."

"ఒక్కటి! ఒకే ఒక్కటి రాసింది! ఇటుక అంటే గోడేనా?"

"మనింటికి తాపీమేస్త్రీ వచ్చినప్పుడు ఆయనకీ ఇదే చెప్పాల్సింది. గోడ మానేసి దిండ్లు చేసేవాడు."

కూతురు అన్నం కలుపుతూ ఆగింది. "నాన్నా, ఇందులో తప్పు సమాధానాలుండవని పరీక్షకి ముందు నువ్వే చెప్పావుగా?"

"ఉండవమ్మా. సృజనలో తప్పొప్పులుండవు."

"మరి నాకు సున్నా ఎలా వచ్చింది?"

మాస్టారు, రేపటి నుంచి పొద్దున్నే తన దగ్గర శిక్షణ అని ప్రకటించాడు.

ఆ శిక్షణ చూసి తీరాల్సిందే. ఒక చేతిలో స్టాప్‌వాచి, ఇంకో చేతిలో ఏదో ఒక వస్తువు. "స్వేచ్ఛగా ఆలోచించు! త్వరగా! ఆ, స్వేచ్ఛగా! టైమైపోతోంది!" అని తండ్రి అరుస్తుంటే కూతురు బిక్కమొహం వేసుకుని చెంచా వంక చూసేది.

"తినొచ్చు."

"అది కాదు."

"కలపొచ్చు."

"అదీ కాదు. ఇంకా వింతగా."

"తప్పు సమాధానాలుండవన్నావు."

"ఉండవు! కానీ అది కాదు!"

వారం తిరిగేసరికి ఆ పిల్ల చెంచాలంటేనే బెదిరిపోయి, పెరుగు కూడా చేత్తో తినడం మొదలుపెట్టింది.

సాయంత్రాలు మాత్రం ఆమె తల్లి షాపులో హాయిగా గడిపేది. షాపు వెనక చిన్న గదిలో మందుల పెట్టెల మధ్య స్టూలు వేసుకుని హోంవర్కు చేసుకునేది. ఆ గదిలో కప్పు నుంచి నీటిచుక్కలు పడేవి, కింద ఒక బకెట్టు పెట్టి ఉండేది. పైన పళ్ళ డాక్టరు క్లినిక్ ఉంది. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. ప్లంబరు వచ్చి పైపంతా మార్చాలన్నాడు. డాక్టరు తనకేమీ సంబంధం లేదన్నాడు. మాస్టారిని అడిగితే, సమస్యని అవకాశంగా చూడాలన్నాడు. కారే నీటిని పట్టి షాపు ముందు మొక్కలు పెంచొచ్చు, చుక్కల చప్పుడుతో కస్టమర్లకి ప్రశాంతత కల్పించొచ్చు అంటూ బోలెడు ఉపాయాలు చెప్పాడు. చుక్కలు ఆగే ఉపాయం ఒక్కటి తప్ప.

కూతురు ఎవరినీ అడగలేదు. కొన్నాళ్ళు గమనించింది. కరెంటు పోయినా చుక్కలు పడుతున్నాయి కాబట్టి ఏసీ కాదు. క్లినిక్ సెలవు రోజున పడలేదు కాబట్టి ట్యాంకు పైపు కాదు. పైకి వెళ్ళి అక్కడి నర్సుని బతిమాలి బాత్‌రూములో బకెట్టు నీళ్ళు గుమ్మరించింది. కిందికి పరిగెత్తుకొచ్చి చూసింది. చుక్క లేదు. మళ్ళీ పైకెళ్ళి చేతులు కడిగే సింకులో పోసింది. లేదు. మిగిలింది ఒక్కటే. రోగి కుర్చీ పక్కన పుక్కిలించి ఉమ్మే చిన్న బేసిను. అందులో ఒక గ్లాసు పోసి కిందికొచ్చి నిలబడింది.

టప్‌మని పడింది.

"అమ్మా!" అని ఆ పిల్ల వేసిన కేకకి షాపులో ఉన్న తల్లి పాము వచ్చిందేమోనని పరిగెత్తుకొచ్చింది. పిల్ల రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని కప్పు వంక చూస్తోంది. మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోతోంది. "అన్నీ పోయి ఒక్కటే మిగిలిందమ్మా!"

విషయం విన్నాక తల్లి ముందు ఆ పిల్లని దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. తర్వాత, ఇన్నాళ్ళూ చుక్కలు పట్టిన ఆ బకెట్టు నీళ్ళతోనే తాను షాపు తుడిచానన్న సంగతి గుర్తొచ్చి, వెళ్ళి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది.

ఆ సంగతి విని మాస్టారు, "మంచిదే కానీ, అది ఏకముఖ ఆలోచన" అన్నాడు.

ఇంతలో చుట్టుపక్కల బళ్ళన్నీ కలిసి సృజన పోటీ పెట్టాయి. నిర్వహణ మాస్టారిది. ఎక్కడికి వెళ్ళినా ఒకటే పలకరింపు. "మీ అమ్మాయి పోటీలో ఉందిగా? ఇంకేం, ప్రైజు ఇంట్లోనే!" ఆయన లేదనలేక తలూపాడు. తలూపిన పాపానికి పిల్ల పేరు రాయక తప్పలేదు. పేరు రాసిన రోజు నుంచి ఆయనకి ఆకలి చచ్చిపోయింది.

చివరికి స్టాప్‌వాచి పక్కన పెట్టేసి, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దిగులుగా అన్నాడు. "చూడమ్మా, కనీసం మార్కులు ఎలా వేస్తారో చెప్తాను, విను. ఎన్ని చెప్పావో చూస్తారు. ఎన్ని రకాలుగా చెప్పావో చూస్తారు. ఇంకెవరికీ తట్టనివి ఎన్నో చూస్తారు. ఎంత వివరంగా చెప్పావో చూస్తారు. అంతే."

కూతురు నిటారుగా కూర్చుంది. "దీనికి రూలుందా?"

"రూలు కాదు, కొలమానం."

"రకం మారిన ప్రతిసారీ మార్కు పెరుగుతుందా? వంటింట్లో పని ఒక రకం, ఆసుపత్రిలో పని ఇంకో రకం, అలాగా?"

"అలాగే."

"మరి ముందే చెప్పొచ్చుగా నాన్నా! స్వేచ్ఛ, స్వేచ్ఛ అని అరిచే బదులు!"

ఆ పిల్ల పెన్సిలు కొన నములుతూ లోపలికి వెళ్ళిపోయింది. తండ్రికి ఏమీ అర్థం కాలేదు.

పోటీ రోజున హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద ముగ్గురు న్యాయనిర్ణేతలు. సైకాలజీ లెక్చరరు, ఒక ప్రకటనల కంపెనీ పెద్దమనిషి, ప్రిన్సిపాల్ మేడమ్. పెద్దమనిషి కుడికాలికి ఒక రంగు మేజోడు, ఎడమకాలికి ఇంకో రంగు మేజోడు వేసుకొచ్చాడు. ఆయన వృత్తిలో అది యూనిఫారం. మాస్టారు మొదటి వరసలో కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. పక్కనే భార్య, షాపు మూసి రావలసి వచ్చినందుకు విసుగ్గా ఉంది.

కూతురి వంతు వచ్చింది. లెక్చరరు ఒక దువ్వెన పైకెత్తి చూపించింది.

పిల్ల దువ్వెన వంక ఒక్క క్షణం చూసింది. మొదలుపెట్టింది. పుట్టలోంచి చీమలు వచ్చినట్టు వస్తూనే ఉన్నాయి మాటలు. వంటింట్లో పిండి మీద గీతలు గీయొచ్చు. ఆసుపత్రిలో విరిగిన వేలికి బద్దగా కట్టొచ్చు. పొలంలో విత్తనాలు సమదూరంలో నాటడానికి కొలతగా వాడొచ్చు. చీమల బారుకి కంచెగా నిలబెట్టొచ్చు. వేలితో పళ్ళ మీద గీస్తే నాటకంలో కప్ప అరుపు. జుట్టుకి రుద్దితే కింద పడ్డ కాగితం ముక్కలు ఎత్తొచ్చు. జైల్లో పళ్ళు లెక్కపెట్టుకుని రోజులు గుర్తుంచుకోవచ్చు. బట్టతల ఆయనకి ఇస్తే పాత రోజుల జ్ఞాపిక. హాలంతా నవ్వింది. పిల్ల నవ్వలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. గంట కొట్టినా ఆగలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ వెళ్ళి మైకు తీసుకోవలసి వచ్చింది.

రంగుల మేజోళ్ళాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "అడ్డూ అదుపూ లేని ఊహ! ఇది పుట్టుకతో రావలసిందే, నేర్పితే వచ్చేది కాదు!" అన్నాడు. శిక్షణ ఇచ్చి బతుకుతున్న మాస్టారు అందుకు కూడా ఆనందంగా తలూపాడు.

లెక్చరరు పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "ఇలాంటి ఊహలన్నీ నీకు ఎక్కణ్ణుంచి వస్తాయమ్మా?" అని అడిగింది.

"గుణకారం చేస్తానండీ" అంది పిల్ల.

హాలు గొల్లుమంది. ఎంత చమత్కారం! ముగ్గురు న్యాయనిర్ణేతలూ తలలు దగ్గర పెట్టుకుని ఆ మాటకి విడిగా మార్కులు కలిపారు. మొదటి బహుమతి ఆమెదే. మాస్టారు కళ్ళు తుడుచుకుంటుంటే భార్య చేతిరుమాలు అందించింది.

ఇంటికి నడిచి వస్తూ ఆయన కూతురి చెయ్యి పట్టుకుని, "నిజం చెప్పు, ఏం జరిగింది నీలో? ఏదో తలుపు తెరుచుకున్నట్టు అనిపించిందా?" అని ఆత్రంగా అడిగాడు.

"చెప్పానుగా నాన్నా, గుణకారం. ముందు వస్తువుకి ఏమేం ఉన్నాయో చూసుకోవాలి. దువ్వెనకి పళ్ళుంటాయి, పళ్ళ మధ్య సందులుంటాయి, వంగుతుంది, చప్పుడు చేస్తుంది, రుద్దితే కాగితాలు అంటుకుంటాయి. ఇటు వైపు చోట్లు. వంటిల్లు, ఆసుపత్రి, పొలం, జైలు. చోట్లు ఎప్పుడూ అవే, ముందే బట్టీ పట్టేశాను. వాటితో వీటిని హెచ్చవేస్తే చాలు. ఎవరికీ తట్టనివి కావాలంటే జైలు వాడాలి. మంచి పిల్లలకి జైలు గుర్తురాదు."

మాస్టారు నడక ఆగిపోయింది. "అయితే నేనిన్నాళ్ళూ కొలిచింది ఏమిటే?" అన్నాడు. అది తనకి తాను వేసుకున్న ప్రశ్న. కానీ ప్రశ్న వినపడితే ఊరుకునే పిల్ల కాదది. నిజాయితీగా ఆలోచించింది.

"ఎవరు ఎంత త్వరగా మాట్లాడతారో అది కొలిచావు నాన్నా."

తల్లి భర్త మొహం చూసి, చెయ్యి పట్టుకుని ముందుకి నడిపించింది.

అసలు బాధ తర్వాత మొదలైంది. గెలిచినవాళ్ళకి బహుమతి సృజన విభాగంలో సీటు. ఆ సంగతి పిల్ల పట్టించుకోలేదు. సోమవారం వెళ్ళేసరికి మామూలు సెక్షన్‌లో ఆమె పేరు కొట్టేశారు.

కొత్త గదిలో బల్లలు లేవు. రంగురంగుల మెత్తలున్నాయి. టీచరు లేదు. ఎప్పుడూ నవ్వే ఒక అక్క ఉంది. టైంటేబుల్లో లెక్కల పీరియడు ఉండాల్సిన చోట 'అంకెలతో స్నేహం' అని ఉంది. మొదటి రోజున అక్క త్రిభుజం బొమ్మ చూపించి, దీన్ని చూస్తే మీకేమనిపిస్తోందని అడిగింది. ఒకడు కొండ అన్నాడు. ఒకమ్మాయి ఒంటరితనం అంది. అక్క ఇద్దరినీ మెచ్చుకుంది.

"అక్కా, ఈ మూల కోణం ఎంత?"

"నీకెంత అనిపిస్తోంది?"

"నాకనిపించేదేంటక్కా? అది ఎంతుంటే అంతే కదా?"

"నీకు ఎంత కావాలనుకుంటే అంత!" అని అక్క చేతులు చాచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పిల్ల ఏం చెప్పినా చప్పట్లే. ఒకరోజు విసుగొచ్చి, కావాలనే రెండూ రెండూ ఏడు అంది. అక్క దాన్ని రంగు కాగితం మీద రాసి గోడకి అంటించింది. పిల్ల ఇంటికి వచ్చి మూల కూర్చుంది. తిండి తగ్గింది. షాపుకి రావడం మానేసింది. అన్నిటికంటే తల్లిని భయపెట్టింది వేరే. కేలెండరు పాత నెల దగ్గరే ఉన్నా పిల్ల ఏమీ అనలేదు.

"ఏమండీ, నా షాపులో దీనికి మందు లేదు" అంది తల్లి. "మీరే వెళ్ళి పిల్లని ఆ గదిలోంచి తీసుకురండి."

మాస్టారు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాడు. మేడమ్ కుర్చీ వేయించి, టీ తెప్పించి, విషయం విని ఉలిక్కిపడింది.

"మా ఛాంపియన్‌ని తీసేయమంటారా! బయట తల్లిదండ్రులు వరస కట్టి నిలబడ్డారు సార్, మీ అమ్మాయిని చూసే. కారణం?"

మెత్తల మీద కూర్చుంటే నడుం నొప్పి అన్నాడు మాస్టారు. కుర్చీ వేయిస్తామంది మేడమ్. పాత స్నేహితుల మీద బెంగ అన్నాడు. వాళ్ళని మధ్యాహ్నం పిలిపిస్తామంది. గదిలో ఎండ పడుతుందన్నాడు, రంగులకి అలర్జీ అన్నాడు, వాళ్ళావిడకి జాతకాల మీద నమ్మకమన్నాడు. అలా ఒక్క గుమ్మంలోంచి బయల్దేరి ఎన్ని దారులు పట్టాలో అన్నీ పట్టాడు. అన్ని దారులకీ మేడమ్ అడ్డం నిలబడింది.

"సార్, ఇవన్నీ వద్దు. ఒక్క కారణం చెప్పండి. నిజమైనది."

మాస్టారు టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. గోడకి అంటించిన రెండూ రెండూ ఏడు గుర్తొచ్చింది. పిల్ల మొహం గుర్తొచ్చింది.

"నా పరీక్ష తప్పు మేడమ్" అన్నాడు. "అది నేను చెబుతున్నదాన్ని కొలవడం లేదు. మా అమ్మాయి దాన్ని లెక్కలా చేసి గెలిచింది. మొదటిసారి రాసిన కాగితమే దాని అసలు బుర్ర. దాన్ని నేను జేబులో దాచుకున్నాను."

అన్నాక ఆయనకి విచిత్రంగా తేలిగ్గా అనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత ఒక కొత్త మాట ఆయన నోట్లోంచి వచ్చింది.

మేడమ్ మాత్రం గబగబా లేచి కిటికీ మూసింది. "మెల్లగా, మెల్లగా! ఇంకెక్కడా అనకండి. కావాలంటే పిల్లని తీసుకెళ్ళండి. కారణం నేను రాసుకుంటాను."

ఆమె రాసుకున్న కారణం నోటీసు బోర్డు మీద కనిపించింది. సృజన విభాగం పట్టలేనంత సృజన ఉన్నందువల్ల ఫలానా విద్యార్థినిని సాధారణ సెక్షన్‌కి పంపడమైనది. ఆ వారంలో సృజన విభాగానికి దరఖాస్తులు రెట్టింపయ్యాయి. తమ పిల్లలకీ పట్టలేనంత రావాలని తల్లిదండ్రులు కోరుకున్నారు. మేడమ్ ఇంకో గది తెరిచింది, ఇంకో నవ్వే అక్కని పెట్టింది. శిక్షణకి మాస్టారిని పిలవలేదు. నిజం చెప్పే అలవాటు ఒకసారి పట్టుకుంటే వదలదని ఆమె భయం. ఆయన మిగతా ఊళ్ళకి, మిగతా ఆఫీసులకి వెళుతూనే ఉన్నాడు. ఉపన్యాసం కాస్త పొట్టిదైందని విన్నవాళ్ళు అన్నారు. ఏం తీసేశాడో వాళ్ళకీ సరిగ్గా తెలియదు.

మామూలు సెక్షన్‌కి తిరిగి వెళ్ళిన రోజున కూతురు కిటికీ పక్కన తన పాత బల్ల తుడుచుకుని కూర్చుంది. లెక్కల మాస్టారు ఎవరినీ పలకరించే రకం కాదు. వస్తూనే బోర్డు మీద ఒక లెక్క వేసి, వెనక్కి చూడకుండా "చేయండి" అన్నాడు. ఆ పిల్ల అందరికంటే ముందు చేసి, పుస్తకం పట్టుకెళ్ళి చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పైనుంచి కింది దాకా చూసి, ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీశాడు.

"తప్పు."

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "తప్పాండీ?"

"తప్పే. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు? చేయి తిరగడం మానేసింది. మూడో వరసలో చూసుకో."

ఆమె పుస్తకం గుండెలకి హత్తుకుని, నవ్వు ఆపుకుంటూ వెనక్కి వచ్చింది. పక్క పిల్ల ఆమె వంక అనుమానంగా చూసి, "తిట్లు తిని నవ్వుతావేంటే?" అంది. కరెక్టమ్మ రబ్బరు అరువడిగి తీసుకుని, మూడో వరస చెరిపి, నాలిక కొన పళ్ళ మధ్య పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది.